కల్చర్ రిపోర్టు నిండా ‘ఆర్’ అక్షరాలే: ఐసీయూలో మందులకు లొంగని క్లెబ్సియెల్లా గురించి తెలిసినవారు చెప్పగలరు

1. గోదావరిగట్టు | సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 68 ఏళ్ళు. పక్షవాతం వచ్చి పదమూడు రోజులుగా ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో ఉన్నారు. అందులో పదకొండు రోజులు వెంటిలేటర్ మీదే గడిచాయి. నాలుగు రోజుల క్రితం మళ్ళీ జ్వరం మొదలై, కఫం చిక్కబడి, ఆక్సిజన్ ఎక్కువగా పెట్టవలసి రావడంతో గొంతులోని గొట్టం నుంచి కఫం తీసి కల్చర్‌కు (బాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు) పంపారు. ఈ రోజు రిపోర్టు చేతికి వచ్చింది. పైన ‘క్లెబ్సియెల్లా న్యుమోనియే’ అని బాక్టీరియా పేరు ఉంది. కింద పద్దెనిమిది మందుల పేర్లున్నాయి. పదహారింటి ఎదుట ‘ఆర్’ (లొంగదు) అని, కొలిస్టిన్ ఎదుట ‘ఐ’ (మధ్యస్థం) అని, టైగిసైక్లిన్ ఎదుట ‘ఎస్’ (లొంగుతుంది) అని వేశారు.

ఇక కొలిస్టిన్ మాత్రమే మిగిలిందని, దానివల్ల కిడ్నీలు దెబ్బతినే అవకాశం ఉందని చెప్పి మా చేత సంతకం పెట్టించుకున్నారు. నాకు మూడు సందేహాలు ఉన్నాయి. నాన్నగారు జ్వరం వస్తే లంఖణం చేసే మనిషి, బిళ్ళ వేసుకోమన్నా వేసుకోరు. అలాంటి శరీరం ఇన్ని మందులకు ఎప్పుడు అలవాటు పడింది? ‘ఎస్’ అని ఉన్న మందును వదిలిపెట్టి ‘ఐ’ అని ఉన్నదాన్ని ఎందుకు వాడుతున్నారు? ఇది ఆస్పత్రిలోనే అంటుకున్నదా?

2. సూక్ష్మదర్శిని | సోమవారం, రాత్రి 11:30

గోదావరిగట్టు గారూ, నేను ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో మైక్రోబయాలజీ విభాగంలో పనిచేస్తున్నాను. ఏ మందు వాడాలన్నది మంచం పక్కన నిలబడిన డాక్టర్లు తేల్చవలసిన విషయం కాబట్టి రిపోర్టును ఎలా చదవాలన్నంతవరకే చెబుతాను.

ముందుగా మొదటి సందేహం. మందుకు అలవాటు పడేది మనిషి శరీరం కాదు, బాక్టీరియా. మీ నాన్నగారు జీవితంలో ఒక్క యాంటీబయాటిక్ కూడా వాడకపోయినా, అప్పటికే ఆరితేరిన బాక్టీరియా బయటినుంచి వచ్చి ఆయన ఊపిరితిత్తుల్లో చేరవచ్చు. ఢిల్లీలోని మూడు ప్రభుత్వ ఆస్పత్రుల్లో 2011 నుంచి 2014 వరకు నవజాత శిశువుల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2016లో వెలువడ్డాయి. రక్తానికి ఇన్ఫెక్షన్ సోకిన ఆ పసికందుల్లో అన్నిటికన్నా ఎక్కువగా దొరికింది ఎసినెటోబాక్టర్ అనే మరో బాక్టీరియా. దాని నమూనాల్లో 82 శాతం ఒకేసారి పలు తరగతుల మందులకు లొంగనివి. పుట్టి రెండు మూడు రోజులైనా కాని బిడ్డ ఏ మందుకు అలవాటు పడి ఉంటుంది చెప్పండి.

ఇక అక్షరాల సంగతి. ప్రయోగశాలలో ఆ బాక్టీరియాను పెంచి, ప్రతి మందునూ తగ్గుతూ పోయే మోతాదుల్లో దాని మీద ప్రయోగించి, ఎంత తక్కువ మోతాదు దగ్గర దాని పెరుగుదల ఆగిందో చూస్తాము. రోగికి ఇవ్వగలిగిన డోసుతో శరీరంలో ఆ మోతాదు అందుతుందనుకుంటే ‘ఎస్’ వేస్తాము, అందదనుకుంటే ‘ఆర్’ వేస్తాము. కొలిస్టిన్ ఎదుట ‘ఐ’ చూసి కంగారు పడకండి. చాలా ల్యాబులు పాటించే అమెరికా ప్రమాణాల్లో 2020 నుంచి ఈ జాతి బాక్టీరియా విషయంలో కొలిస్టిన్‌కు ‘ఎస్’ అనే గడినే తీసేశారు. ఎంత బాగా పనిచేసినా ‘ఐ’ అనే రాయాలి. ఆ మందు మీద వైద్యలోకానికి ఉన్న అపనమ్మకం ఆ అక్షరంలో ఉంది.

టైగిసైక్లిన్ కథ దీనికి తలకిందులు. గాజు పళ్ళెంలో అది బాగానే పనిచేస్తుంది. కానీ ఒంట్లోకి ఎక్కించగానే కణజాలాల్లోకి వెళ్ళిపోయి రక్తంలో పలుచగా మిగులుతుంది, మూత్రంలోకి కూడా పెద్దగా రాదు. వెంటిలేటర్ వల్ల వచ్చిన న్యుమోనియాలో ఫలితాలు బాగాలేవు. 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాని మీద మరణాల ముప్పు గురించి అతి తీవ్రమైన హెచ్చరికను చేర్చింది. అందుకే రిపోర్టులో ‘ఎస్’ ఉన్నా డాక్టర్లు దాన్ని ఒంటరిగా నమ్ముకోవడానికి జంకుతారు.

నాదొక ప్రశ్న. రక్తం కూడా కల్చర్‌కు పంపారా? పదకొండు రోజులు లోపలున్న గొట్టం మీద ఏదో ఒక బాక్టీరియా తిష్ఠ వేసే ఉంటుంది. కఫంలో కనిపించినంత మాత్రాన జబ్బు దానివల్లే వచ్చిందని తేల్చలేము.

3. పాతచింతకాయ | మంగళవారం, ఉదయం 6:15

పెద్ద మందులు అమ్ముకోవడానికి ఆస్పత్రులు చెప్పే కబుర్లు ఇవన్నీ. రోజుకొక ఇంజెక్షన్ పేరు చెప్పి బిల్లు పెంచుతారు. పైగా ఈ మొండి సూక్ష్మజీవికి మన రాజధాని పేరు పెట్టి విదేశాలవాళ్ళు మన ఆస్పత్రులకు వచ్చే రోగులను భయపెట్టారని పేపర్లో చదివిన గుర్తు.

4. ఉత్తరధ్రువం | మంగళవారం, మధ్యాహ్నం 12:50

పాతచింతకాయ గారు చెప్పినదాంట్లో సగం నిజం, సగం కోపం ఉన్నాయి. నేను స్వీడన్‌లో ఇదే రంగంలో పరిశోధన చేస్తున్నాను. మా దగ్గర ఈ కథ తెలియని విద్యార్థి ఉండడు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

భారత సంతతికి చెందిన ఒక స్వీడన్ పౌరుడు న్యూఢిల్లీలో ఆస్పత్రి చికిత్స పొంది స్వదేశానికి తిరిగి వచ్చాక, 2008 జనవరిలో అతని మూత్రంలో క్లెబ్సియెల్లా దొరికింది. కార్బాపెనెమ్ మందులను (మెరోపెనెమ్, ఇమిపెనెమ్ వంటివాటిని) సైతం తునాతునకలు చేసే కొత్త ఎంజైమ్ ఒకటి దానిలో ఉన్నదని తేలడంతో, 2009లో వెలువడిన పరిశోధన పత్రంలో దానికి ‘న్యూఢిల్లీ మెటాలో బీటా లాక్టమేజ్ 1’ అని పేరు పెట్టారు. అదే ఎన్‌డీఎం 1. మరుసటి సంవత్సరం భారత్, పాకిస్తాన్, బ్రిటన్‌లలో దాని వ్యాప్తిని చూపుతూ ఇంకొక పత్రం రాగానే భారత పార్లమెంటు దాకా గొడవ జరిగింది. వైద్యం కోసం భారత్‌కు వెళ్ళడం గురించి అందులో చేసిన హెచ్చరికే ఆ గొడవకు ముఖ్య కారణం. అయితే ఆ 2010 పత్రానికి మొదటి రచయిత మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకుడన్న సంగతి ఆ హోరులో చాలామందికి వినిపించలేదు.

ఊరి పేరు పెట్టడం ఈ రంగంలో కొత్త కాదు. వీఐఎం అనే ఎంజైమ్‌లో మొదటి అక్షరం ఇటలీలోని వెరోనా నగరానిది, ఎస్పీఎంలో ఉన్నది బ్రెజిల్‌లోని సావో పాలో. ఆ ఊళ్ళవాళ్ళకు కోపం వచ్చిందో లేదో కానీ, మన కోపానికి అర్థం ఉందనే నా అభిప్రాయం. ఒక మహానగరం పేరు ఒక జబ్బుకు శాశ్వతంగా అతుక్కుపోవడం బాగుండదు. కానీ పేరు మీద పోట్లాడుకున్న ఆ రెండేళ్ళలో అసలు సంగతి పక్కకు పోయింది. 2006లోనే మన ఆస్పత్రుల్లో సేకరించి దాచిన నమూనాల్లో ఆ జన్యువు ఉన్నట్లు తర్వాత వెనక్కి వెళ్ళి వెతికితే బయటపడింది. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో ఢిల్లీ వీధుల్లో నిలిచిన నీటి నమూనాలు 171 పరీక్షిస్తే 51లోనూ, కుళాయి నీటి నమూనాలు 50 పరీక్షిస్తే 2లోనూ అది కనిపించింది.

5. గోదావరిగట్టు | మంగళవారం, సాయంత్రం 5:05

సూక్ష్మదర్శిని గారికి కృతజ్ఞతలు. ఈ ఉదయం అడిగితే, రక్తం నిన్ననే పంపామని, రెండు మూడు రోజులు పడుతుందని చెప్పారు. కొలిస్టిన్ మొదలుపెట్టారు. ఇంకొక సంగతి రాయడం మరిచాను. ఇక్కడికి తీసుకురాకముందు మా ఊరి పక్కన ఒక నర్సింగ్ హోమ్‌లో రెండు రోజులు ఉంచాము. అక్కడ మొదటి రోజే సెఫ్ట్రియాక్సోన్, సాయంత్రానికే మెరోపెనెమ్ ఎక్కించారు. కల్చర్ ఏదీ తీసిన గుర్తు లేదు. అప్పుడు మేమే ‘ఉన్నవాటిలో పెద్ద మందు ఇవ్వండి సార్’ అని బతిమాలాము. ఆ మాట ఇప్పుడు గుచ్చుకుంటున్నది.

6. సూక్ష్మదర్శిని | మంగళవారం, రాత్రి 9:20

ఆ మాట అనని కుటుంబాన్ని నేను చూడలేదు. మీరు బాధపడవద్దు. కానీ ‘పెద్ద మందు’ అనే ఊహ గురించి రాయక తప్పదు, ఎందుకంటే మా జూనియర్ డాక్టర్లలో కూడా అది బలంగా ఉంది.

యాంటీబయాటిక్‌లలో చిన్నా పెద్దా అనే వరస లేదు. ఏ బాక్టీరియాను ఏది చంపుతుందన్నదే లెక్క. మందుకు లొంగే స్టాఫిలోకాకస్ విషయంలో పాతకాలపు క్లాక్సాసిలిన్ చేసే పనిని మెరోపెనెమ్ అంతకన్నా మెరుగ్గా చేయదు. అయితే మెరోపెనెమ్ పేగుల్లోని వందలాది రకాల బాక్టీరియాలో అధికభాగాన్ని ఊడ్చేస్తుంది. ఖాళీ అయిన ఆ చోటులోకి దానికి లొంగనిది ఏదైనా ప్రవేశిస్తే పోటీ లేకుండా విస్తరిస్తుంది. పంటంతా పోయిన చేలో తుంగ ఎలా పాకుతుందో పల్లెటూరివారికి నేను చెప్పనక్కరలేదు.

ఉత్తరధ్రువం గారు చెప్పిన ఎన్‌డీఎం మీ నాన్నగారి బాక్టీరియాలోనూ ఉండవచ్చు కాబట్టి అది ఏమి చేస్తుందో కూడా చెబుతాను. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్, కార్బాపెనెమ్ మందులన్నిటిలోనూ నాలుగు పరమాణువుల చిన్న వలయం ఒకటి ఉంటుంది. బాక్టీరియా తన చుట్టూ గోడ కట్టుకోకుండా అడ్డుపడేది ఆ వలయమే. ఎన్‌డీఎం అనే ఎంజైమ్ జింకు అయాన్ల సాయంతో నీటి అణువును ఆ వలయం మీదికి తోసి తెంపేస్తుంది. ఒక్క ఎంజైమ్ అణువు ఒక మందు అణువును తెంపి అరిగిపోదు, అదే పని మళ్ళీ మళ్ళీ చేస్తూ ఉంటుంది. అందుకే డోసు రెట్టింపు చేసినంత మాత్రాన ఇది లొంగదు.

దీనికన్నా చికాకైన విషయం, ఈ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు బాక్టీరియా ప్రధాన క్రోమోజోములో కాక ప్లాస్మిడ్ అనే విడి డీఎన్ఏ ఉంగరం మీద ఉండటం. పక్కన మరో జాతి బాక్టీరియా తగిలినా ఆ ఉంగరం నకలును దానికి అందించగలదు. అమైనోగ్లైకోసైడ్లు, క్వినోలోన్లు అనే వేరే తరగతుల మందులను తట్టుకునే జన్యువులు కూడా తరచు అదే ఉంగరం మీద ప్రయాణిస్తాయి. మీ రిపోర్టులో పదహారు ‘ఆర్’లు ఉండటానికి ఆ బాక్టీరియా పదహారు యుద్ధాలు చేసి ఉండనక్కరలేదు, ఒకటి రెండు ఉంగరాలు అందిపుచ్చుకున్నా చాలు.

7. రాత్రిడ్యూటీ | బుధవారం, ఉదయం 8:10

పదహారేళ్ళుగా ఐసీయూ నర్సుగా పనిచేస్తున్నాను. మీ మూడవ ప్రశ్నకు ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. చాలావరకు అవును, ఇలాంటివి ఆస్పత్రిలోనే అంటుకుంటాయి, మా చేతుల మీదుగానే అంటుకుంటాయి.

వెంటిలేటర్ మీద ఉన్న ఒక రోగికి ఒక నర్సు ఉండాలన్నది నియమం. రాత్రి పూట ముగ్గురిని ఒక్కదాన్నే చూసిన రోజులు నాకు లెక్కలేనన్ని ఉన్నాయి. ఒకరి గొంతులో కఫం తీస్తుండగా పక్క మంచం అలారం మోగుతుంది. ప్రాణం నిలపడానికి పరిగెత్తాలా, ఇరవై ముప్పై సెకన్లు చేతులకు హ్యాండ్ రబ్ రాసుకోవాలా? రోగిని తాకడానికి ముందు, శుభ్రమైన ప్రక్రియ చేసే ముందు, ఒంటి ద్రవాలు తగిలిన తర్వాత, రోగిని తాకిన తర్వాత, రోగి చుట్టుపక్కల వస్తువులను తాకిన తర్వాత చేతులు శుభ్రం చేసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు సందర్భాలు చెప్పింది. అవి నాకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి. ముగ్గురు రోగులున్న రాత్రి వాటన్నిటినీ పాటిస్తే గంటలో ఎంత సమయం అందుకే పోతుందో నియమం రాసినవారికీ తెలుసు, మాకూ తెలుసు.

చేతి తొడుగుల గురించి ఒక మాట. తొడుగు వేసుకుంటే శుభ్రంగా ఉన్నామనే భ్రమ డాక్టర్ల నుంచి ఆయాల వరకు అందరికీ ఉంది. అదే తొడుగుతో కఫం తీసి, మానిటర్ బటన్ నొక్కి, ఫోన్ ఎత్తి, పక్క మంచం సెలైన్ సరిచేసేవారిని రోజూ చూస్తాను. ఆ తొడుగు వేసుకున్నవారికి రక్షణ, పక్క మంచంలోని రోగికి కాదు. బీపీ పట్టీ, థర్మామీటరు, మంచం కమ్మీ, స్టెతస్కోపు, ఇవన్నీ దారులే. ఎసినెటోబాక్టర్ అయితే పొడి కమ్మీ మీద వారాల తరబడి బతికి ఉంటుంది.

ఇంకొక దారి చేతులు కడిగే సింకు. చేతులు కడిగే చోటే రోగికి తుడిచిన నీళ్ళు, మిగిలిన సెలైన్ పారబోస్తారు. వంపు గొట్టంలో నిలిచిన తడిలో బాక్టీరియా పొరలు కట్టుకుని కూర్చుంటుంది. కుళాయి ధార నేరుగా ఆ జల్లెడ మీద పడినప్పుడు తుంపర్లు పైకి లేస్తాయి. మా యూనిట్‌లో సింకు పక్కన మందులు కలిపే బల్ల ఉండేది. దాన్ని జరపడానికి నేను ఏడాది పాటు అడిగాను.

8. పాతచింతకాయ | బుధవారం, ఉదయం 9:00

సిస్టర్ గారు నిజం చెప్పినందుకు దండం. అయితే ఇది మన దేశపు దరిద్రమే కదా. అమెరికాలో ఇలా జరుగుతుందా?

9. ఉత్తరధ్రువం | బుధవారం, మధ్యాహ్నం 1:35

జరిగింది. అదీ ఎక్కడో మారుమూల కాదు, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సొంత పరిశోధన ఆస్పత్రిలో. 2011 జూన్‌లో న్యూయార్క్ నుంచి ఒక మహిళను అక్కడికి మార్చారు. ఆమెలో కార్బాపెనెమ్‌కు లొంగని క్లెబ్సియెల్లా ఉన్నదని ముందే తెలుసు కాబట్టి మొదటి రోజు నుంచే విడిగా ఉంచి, గౌన్లు, తొడుగులు లేనిదే ఎవరినీ లోపలికి పోనివ్వలేదు. ఆమె జూలైలో ఇంటికి వెళ్ళిపోయారు. అంతా సవ్యంగా ముగిసిందనుకున్న మూడు వారాలకు, ఆమెతో ఏ సంబంధమూ లేని మరో రోగిలో అదే బాక్టీరియా బయటపడింది. ఏడాది ముగిసేలోగా 18 మందికి సోకింది. వారిలో 11 మంది మరణించగా, ఆరు మరణాలకు ఆ ఇన్ఫెక్షనే కారణమని తేల్చారు.

అన్ని నమూనాల జన్యుక్రమాలనూ చదివి వరస పెట్టి చూస్తే, బాక్టీరియా కనిపించిన క్రమం వేరని, వ్యాపించిన క్రమం వేరని తెలిసింది. కొందరు జబ్బు లక్షణాలేవీ లేకుండా పేగుల్లో దాన్ని మోస్తూ ఉండగా, వారి నుంచి ఇతరులకు పాకింది. సింకు గొట్టాల్లోనూ, శుభ్రం చేశామనుకున్న ఒక వెంటిలేటర్ మీదా అది దొరికింది. గోడ కట్టి వార్డును విడదీశారు, గదుల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి పట్టించారు, గొట్టాలు పెకలించారు. రాత్రిడ్యూటీ గారు సింకు గురించి రాసినది చదివినప్పుడు నాకు గుర్తుకు వచ్చింది ఇదే.

10. మందులకొట్టు | బుధవారం, రాత్రి 9:45

ఈ చర్చ ఎప్పుడు జరిగినా చివరకు నింద మెడికల్ షాపు మీదికే వస్తుంది కాబట్టి ముందే వచ్చాను. ఇరవై రెండేళ్ళుగా షాపు నడుపుతున్నాను. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అమలులో ఉంది. సెఫిక్సిమ్ లాంటి మూడవ తరం సెఫలోస్పోరిన్లు, కార్బాపెనెమ్‌లు అందులోనివే. చీటీ లేకుండా అమ్మకూడదు. రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని అమ్మామో విడి రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. 2016 నుంచి మందుల అట్ట మీద ఎర్రగీత గురించి ప్రచారం కూడా జరిగింది. దాచుకోకుండా చెబుతున్నాను, ‘జలుబుకు మూడు బిళ్ళల అజిత్రోమైసిన్ ఇవ్వండి’ అని వచ్చినవారిని నేను వద్దని పంపితే నాలుగు అడుగుల దూరంలోని షాపులో అది వారికి దొరుకుతుంది. నేను ప్రతిసారీ పంపానని కూడా చెప్పను.

అయితే గోదావరిగట్టు గారి నాన్నగారికి వచ్చినది నా కౌంటరు మీద పుట్టినది కాదని మాత్రం గట్టిగా అంటాను. మెరోపెనెమ్ ఇంజెక్షన్ జలుబుకు కొనుక్కుపోయేవారు ఎవరూ లేరు. దాని వాడకమంతా ఆస్పత్రి గోడల లోపలే.

11. సూక్ష్మదర్శిని | బుధవారం, రాత్రి 10:50

మందులకొట్టు గారి వాదన చాలావరకు సరైనదే, ఒక సవరణతో. కౌంటరు మీద అమ్ముడయ్యే సెఫిక్సిమ్ వల్ల మామూలు జనం పేగుల్లోనే సెఫలోస్పోరిన్‌లను తెంపే ఎంజైమ్‌లు స్థిరపడ్డాయి. ఆ కారణంగా ఆస్పత్రికి వచ్చిన రోగికి మొదటి రోజే అదే కుటుంబంలోని సెఫ్ట్రియాక్సోన్ పనిచేయదేమోనని డాక్టరు భయపడి కార్బాపెనెమ్ అందుకుంటారు. కాబట్టి ఆ నిచ్చెనకు కింది మెట్టు ఆయన షాపులోనూ, పై మెట్టు మా వార్డుల్లోనూ ఉన్నాయి.

భారత వైద్య పరిశోధన మండలి 2013 నుంచి నడుపుతున్న నిఘా వ్యవస్థ లెక్కల ప్రకారం 2016లో క్లెబ్సియెల్లా నమూనాల్లో 65 శాతం ఇమిపెనెమ్‌కు లొంగేవి, 2021 నాటికి అది 43 శాతానికి పడిపోయింది. ఇవి పెద్ద ఆస్పత్రులకు, అందులోనూ ముదిరిపోయి వచ్చిన రోగుల నమూనాల నుంచి వచ్చిన అంకెలు. ఊళ్ళో ప్రతివారికీ ఇదే నిష్పత్తి వర్తిస్తుందని అనుకోకూడదు.

12. కొబ్బరాకు | గురువారం, ఉదయం 7:30

మొత్తం చదివాను. అసలు కారణం ఒక్కటే అని నా నమ్మకం: మనవాళ్ళు జ్వరం తగ్గగానే మందు మానేస్తారు. అయిదు రోజుల కోర్సు అయిదు రోజులూ వాడితే ఈ గొడవే ఉండదు. పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగ్ కూడా అదే చెప్పాడు కదా.

13. సూక్ష్మదర్శిని | గురువారం, మధ్యాహ్నం 2:15

కొబ్బరాకు గారూ, నేను కూడా ఇరవై ఏళ్ళ పాటు పాఠంలో అదే చెప్పాను. 1945లో నోబెల్ ఉపన్యాసంలో ఫ్లెమింగ్ హెచ్చరించినది చాలీచాలని మోతాదు గురించి. ఆ మాటే కాలక్రమంలో ‘కోర్సు పూర్తి చేయండి’ అనే ఉపదేశంగా మారింది. కానీ 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు నిపుణులు ఈ ఉపదేశానికి ఆధారం చాలదని వాదించారు. న్యుమోనియా, మూత్రపు ఇన్ఫెక్షన్ వంటి వాటిలో తక్కువ రోజుల చికిత్స ఎక్కువ రోజుల దానికి తీసిపోదని పరీక్షల్లో తేలుతూ వచ్చింది. ఇన్ఫెక్షన్ తగ్గాక కూడా సాగే ప్రతి అదనపు రోజూ పేగుల్లోని అమాయక బాక్టీరియా మీద మందు ఒత్తిడి పడుతూనే ఉంటుంది.

దీన్ని చదివి ఎవరూ సొంతంగా మందు మానకండి. క్షయకు ఇది అసలు వర్తించదు, అక్కడ నెలల తరబడి పూర్తిగా వాడి తీరాలి. నేను చెప్పేది డాక్టర్లు రాసే రోజుల సంఖ్య గురించి. మన ఆస్పత్రుల్లో నాకు కనిపించే అతి పెద్ద వృథా ఆపరేషన్ తర్వాతిది. శుభ్రమైన హెర్నియా ఆపరేషన్‌కు యాంటీబయాటిక్ ఇవ్వాలనుకుంటే, కోత పెట్టడానికి ముందు గంట లోపల ఒక్క డోసు ఇస్తే సరిపోతుంది. అయిదు రోజుల ఇంజెక్షన్లు, ఇంటికి వెళ్ళేటప్పుడు మరో అయిదు రోజుల బిళ్ళలు రాయడం మన దగ్గర ఆచారంగా మారిపోయింది. థియేటరు శుభ్రత మీద నమ్మకం లేక రాస్తున్నామని ఒక సర్జన్ మిత్రుడు నాతో నిజాయితీగా ఒప్పుకున్నాడు.

14. గోదావరిగట్టు | గురువారం, రాత్రి 8:40

రక్తం కల్చర్‌లో కూడా అదే క్లెబ్సియెల్లా వచ్చింది. కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ 1.1 నుంచి 2.3కి పెరగడంతో కొలిస్టిన్ ఆపి సెఫ్టాజిడిమ్ అవిబాక్టమ్, దానితోపాటు అజ్‌ట్రియోనామ్ ఇస్తామంటున్నారు. ఖర్చు రోజుకు వేలల్లో ఉంది. పొలం మీద అప్పు చేస్తున్నాము, అది వేరే సంగతి. నా సందేహం ఏమిటంటే, రిపోర్టులో సెఫ్టాజిడిమ్ ఎదుటా అజ్‌ట్రియోనామ్ ఎదుటా ‘ఆర్’ అనే ఉంది. పనిచేయని రెండింటిని కలిపితే పనిచేస్తాయా?

15. సూక్ష్మదర్శిని | గురువారం, రాత్రి 9:30

మంచి ప్రశ్న. ఈ రిపోర్టు చూసి చాలామంది డాక్టర్లు కూడా ఇక్కడే తికమకపడతారు.

ఎన్‌డీఎం ఆ వలయం ఉన్న మందులను దాదాపు అన్నిటినీ తెంపుతుంది కానీ అజ్‌ట్రియోనామ్‌ను తెంపలేదు. అయితే మీ నాన్నగారిలోని బాక్టీరియా దగ్గర ఎన్‌డీఎం ఒక్కటే ఉండదు. సెఫలోస్పోరిన్‌లను తెంపే ఇతర ఎంజైమ్‌లు కూడా ఉంటాయి, అవి అజ్‌ట్రియోనామ్‌ను తెంపుతాయి. అందుకే అక్కడ ‘ఆర్’ పడింది. అవిబాక్టమ్ ఎన్‌డీఎంను ఏమీ చేయలేదు కానీ ఆ ఇతర ఎంజైమ్‌లను మూసివేస్తుంది. వాటి నోరు కట్టేశాక అజ్‌ట్రియోనామ్ నిక్షేపంగా వెళ్ళి తన పని చేసుకుంటుంది. ఇక్కడ సెఫ్టాజిడిమ్ ఊరికే తోడు వచ్చిన చుట్టం, మీకు ఇస్తామన్న అవిబాక్టమ్ దానితో కలిపిన సీసాలో ఉంది కాబట్టి కొనక తప్పదు. రెండింటినీ ఒకే సమయంలో ఎక్కించాలి. ఒకటి ఉదయం, ఒకటి సాయంత్రం ఇస్తే ప్రయోజనం ఉండదు. ల్యాబులో ఈ రెండింటి కలయిక పరీక్ష చేయగలరేమో అడగండి, కష్టమైన పరీక్ష కాదు.

కొలిస్టిన్ గురించి కూడా చెబుతాను. 1950ల నాటి ఈ మందును కిడ్నీలు చెడగొడుతున్నదని పక్కన పెట్టేశారు. వేరే దిక్కు లేనప్పుడు మళ్ళీ బయటికి తీశారు. ఇంతటి ఆఖరి మందును మనం చాలాకాలం కోళ్ళ మేతలోనూ కలిపాము. చైనాలో పందుల నుంచి మనుషుల వరకు దానికి లొంగని ప్లాస్మిడ్ జన్యువు కనిపించిందని 2015లో బయటపడింది. ఆ తర్వాత, 2019 జూలైలో, మన దేశంలో పశువులకు, కోళ్ళకు, చేపల చెరువులకు దాని వాడకాన్ని నిషేధించారు.

16. కొబ్బరాకు | గురువారం, రాత్రి 10:05

నా పోస్టు వెనక్కి తీసుకుంటున్నాను. ఒక చిన్న విశేషం మాత్రం చెప్పనివ్వండి. గోదావరిగట్టు గారి రిపోర్టులో ‘ఎస్’ వచ్చిన టైగిసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబంలోనిది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చినప్పుడు అక్కడ పరిశోధనకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు.

17. మంజీర | శుక్రవారం, ఉదయం 10:20

పటాన్‌చెరు ప్రస్తావన రాకపోవడం ఆశ్చర్యం. 2007లో వెలువడిన ఒక అధ్యయనం కోసం స్వీడన్ పరిశోధకులు మా పారిశ్రామికవాడలోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించారు. సుమారు 90 మందుల కంపెనీల మురుగు ఆ కేంద్రానికి వచ్చేది. శుద్ధి అయ్యాక కూడా ఒక లీటరులో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. చికిత్స తీసుకుంటున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఆ నీరు పారింది ఇసుకవాగు, నక్కవాగు, అక్కడి నుంచి మంజీర నదిలోకి. ఆస్పత్రిని మాత్రమే తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు.

18. ఉత్తరధ్రువం | శుక్రవారం, మధ్యాహ్నం 12:15

ఆ పని చేసినవారు గోథెన్‌బర్గ్‌వారు. ఆ అంకె ఇప్పటికీ మా తరగతుల్లో చూపిస్తారు. అలాంటి నీటిలో మందును తట్టుకునే జన్యువులు పోగుపడతాయనడంలో సందేహం లేదు. కానీ వాగులో పోగైన జన్యువు ఫలానా ఐసీయూలోని ఫలానా మంచానికి ఎలా చేరిందో అడుగు అడుగునా చూపడం చాలా కష్టం. మంచం నుంచి మంచానికి ఎలా చేరుతుందో మాత్రం చూపగలం, ఆపగలం కూడా. అందుకే ఈ చర్చలో నేను సిస్టర్ గారి సింకు దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

19. గోదావరిగట్టు | తరువాతి బుధవారం, సాయంత్రం 6:30

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. కొత్త మందులు మొదలైన మూడవ రోజుకు జ్వరం దిగింది. నిన్న వెంటిలేటర్ తీసేశారు. గొంతుకు రంధ్రం చేసి అమర్చిన గొట్టంతో, ఇప్పుడు విడి గదిలో ఉన్నారు. మాట రాకపోయినా నా చెయ్యి పట్టుకుని నొక్కుతున్నారు. క్రియాటినిన్ 1.6కు తగ్గింది. ఇంటికి తీసుకువెళ్ళాక మా మూడేళ్ళ పాపను దగ్గరకు రానివ్వవచ్చా?

20. రాత్రిడ్యూటీ | తరువాతి బుధవారం, రాత్రి 11:50

చాలా సంతోషం. ఆయన పేగుల్లో ఈ బాక్టీరియా నెలల తరబడి ఉండిపోవచ్చు, అది జబ్బు కాదు. దాన్ని వదిలించడానికి మళ్ళీ యాంటీబయాటిక్ అడగకండి. ఆరోగ్యంగా ఉన్న పాప తాతగారి పక్కన కూర్చోవచ్చు, ముద్దు పెట్టుకోవచ్చు. గొంతు గొట్టం శుభ్రం చేసేవారు, మలమూత్రాలు తీసేవారు పని ముగియగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆయన తువ్వాలు ఆయనకే ఉంచండి. బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేస్తే చాలు. మళ్ళీ ఏ ఆస్పత్రికి వెళ్ళినా, ఎంత చిన్న పనికి వెళ్ళినా, లోపలికి అడుగుపెట్టగానే ఈ కల్చర్ రిపోర్టు చూపించండి. దాచితే పక్క మంచం రోగికి ప్రమాదం.

ఒక్కటి అడుగుతాను. మూత్రపు గొట్టం ఇంకా ఉందా? విడి గదికి మారాక దాన్ని అందరూ మరిచిపోతారు. అవసరం తీరిన గొట్టం ఒంట్లో ఉన్న ప్రతి రోజూ ఇంకో ఇన్ఫెక్షన్‌కు దారి. రేపు ఉదయం రౌండ్స్‌లో తప్పక అడగండి.

21. గోదావరిగట్టు | తరువాతి గురువారం, ఉదయం 11:05

అడిగాను సిస్టర్. పద్దెనిమిది రోజుల క్రితం వేసినదట, ఎందుకు ఉంచారో ఎవరికీ గుర్తు లేదు. పది నిమిషాల క్రితం తీసేశారు. రిపోర్టు నకలు ఫైలులో మొదటి కాగితంగా పెట్టాను.